యాభై వంతుల కల్తీ

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. జరిగినదాన్ని కాస్త సాగదీసి చెప్పడం మాత్రం చిన్నప్పటినుంచీ వచ్చు. ఈ రెండింటికీ తేడా ఉందని మా ఆవిడతో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాదిస్తున్నాను, ఇంతవరకూ నెగ్గలేదు. నేను పనిచేసే చోట కూడా ఆ తేడా ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీలే అనుకునేవాణ్ణి, అది మా పేచీ మెడకి చుట్టుకునేదాకా.

పేచీ అంటే మా ఆవిడ అన్నగారి కూతురు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. నాలుగేళ్ళ వయసులో, చీమకి ఆరు కాళ్ళని ఎవరో చెబితే, చూస్తేగానీ నమ్మనని మధ్యాహ్నమంతా గడప దగ్గర బోర్లా పడుకుంది. సాయంత్రానికి లేచి, "ఈ చీమకి ఆరే. మిగతా చీమల సంగతి నాకు తెలీదు," అంది. ఆ పూట నేను పేచీ అని పిలిచాను, అదే అతుక్కుపోయింది. పెద్దయ్యాక ఆ బుద్ధికి తగిన ఉద్యోగమే దొరికింది. ఒక పరిశోధనశాల రెండో అంతస్తులో కూర్చుని కణాల్ని లెక్కపెడుతుంది. అదే భవనంలో కింద స్టోర్సు గది నాది.

స్టోర్సు అంటే మూడు ఫ్రీజర్లు, పదకొండు బీరువాలు, ఒక బల్ల, ఒక టెలిఫోను, నేను. పైవాళ్ళు కావలసిన వస్తువు కాగితం మీద రాసి పంపుతారు, నేను తెప్పిస్తాను. కొన్ని పొగలు కక్కే మంచులో పెట్టి వస్తాయి. వాటిని మూడో ఫ్రీజరులో సర్దుతాను. ఒకసారి దాని తలుపు తీసి తుమ్మితే ఆ తుమ్ము గాల్లోనే గడ్డకట్టి టపటపా నేలమీద రాలింది, చీపురుతో ఊడ్చాను. సామాను కోసం వచ్చినవాళ్ళని ఇలాంటి ముక్క ఒకటి చెప్పకుండా పంపడం నాకు అలవాటు లేదు.

నా రెండో అలవాటు స్టిక్కర్లు. కంపెనీలవాళ్ళు బుడ్డి మీద చీమ తలకాయంత అక్షరాలు అచ్చు వేస్తారు. నేను తెల్లకాగితం ముక్క మీద గుండ్రంగా వస్తువు పేరూ, వచ్చిన తేదీ, ఎవరిదన్నదీ రాసి వాటి మీద అంటిస్తాను. బుడ్డితో పాటు వచ్చే వివరాల కాగితం మాత్రం పైకి పంపను. పంపితే పారేస్తారు. నా సొరుగులో దాచుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని తీరిగ్గా చదువుకుంటాను. ఊరిబడిలో నేర్చిన ఇంగ్లీషుకి అది మంచి కసరత్తు.

పేచీ పనంతా ఒక ప్రోటీను చుట్టూ తిరుగుతుంది. ఒంట్లోకి రోగం జొరబడితే తెల్లకణాలు ఒకదానికొకటి కబురు పెట్టుకుంటాయట: లేవండి, పెరగండి, బలగం పెంచండి అని. ఆ కబురు మోసేది ఈ ప్రోటీను. దాన్ని మనిషి ఒంట్లోంచి తీయాలంటే గంగాళాల కొద్దీ రక్తం తోడాలి. అందుకని దాన్ని తయారుచేసే జన్యువుని తీసుకెళ్ళి బాక్టీరియాలో అతికిస్తారు. బాక్టీరియాకి మన గొడవ ఏం తెలుసు, అయినా బుద్ధిగా కూర్చుని మన కబుర్లు రాసిపెడుతూ ఉంటుంది. రాసినదాన్ని వడకట్టి, శుభ్రం చేసి, ఎండబెట్టి బుడ్డిలో పెట్టి పంపుతారు. రోగులకిచ్చే మందు కాదిది, పరిశోధనకే. ఇదంతా మా ఆవిడకి చెప్పి, "బాక్టీరియాకి మన దస్తూరీ నేర్పారన్నమాట," అన్నాను. "మీకూ వాళ్ళచేతే నేర్పించాల్సింది," అంది.

బుడ్డిని వెలుతురుకి ఎత్తి చూస్తే ఖాళీయే. అడుగున ఉన్న పొడి కంటికి ఆనదు. ఈగ కాలికి అంటిన దుమ్ము అంతకన్నా బరువుంటుందని నా అంచనా. పేచీ పెంచే కణాలు మహా గారాబం పిల్లలు. ఆ పొడి కలిపిన నీళ్ళు అందితే కళకళలాడుతూ పెరుగుతాయి, అందకపోతే మూడో రోజుకి చస్తాయి. చచ్చాయో బతికాయో కంటికి తెలియడానికి ఒక నీలం రంగు నీళ్ళు పోస్తారు. బతికున్న కణాలు ఆ నీలాన్ని గులాబీ చేస్తాయి. చచ్చినవి దాని జోలికే పోవు.

అందరూ వాడే మోతాదులో సగమే ఈ కణాలకి చాలునని పేచీ కనిపెట్టింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ గులాబీ. పెద్దమేడంతో కలిసి వ్యాసం రాసి ఒక పత్రికకి పంపింది. పెద్దమేడం అంటే ఆ అంతస్తుకి అధికారి. మాట తక్కువ, చూపు ఎక్కువ. పత్రికవాళ్ళు, అంతా బాగుంది, కొత్త బుడ్డి తెరిచి ఇంకొక్కసారి చేసి చూపించమన్నారు. పేచీ నా దగ్గర కొత్త బుడ్డి తీసుకెళ్ళి చేసింది. నీలం. ఇంకో బుడ్డి తెరిచింది. అదీ నీలమే. అందరూ వాడే నిండు మోతాదుకి కూడా గులాబీ చాయ రాలేదు.

అప్పటినుంచి పైన గుసగుసలు మొదలయ్యాయి. పేచీ పక్కబల్ల మీద ఒక సీనియరు కూర్చుంటాడు. వారంలో అయిదు రోజులూ గళ్ళచొక్కాయే వేస్తాడు కాబట్టి నాకు గళ్ళచొక్కా. చెడ్డవాడు కాదు, లెక్క తేలకపోతే నిద్రపట్టని రకం. మొదటి మూడుసార్లూ ఎవరైనా పక్కన ఉండి చూశారా అని మీటింగులో అడిగాడట. ఎవరూ చూడలేదు. పెద్దమేడం పది రోజులు గడువిచ్చింది. ఈలోగా మళ్ళీ చూపించాలి, లేదా వ్యాసం వెనక్కి తీసుకుని, మొదటి ఫలితాలు నమ్మదగినవి కావని పేచీయే సంతకం పెట్టి రాసివ్వాలి. ఆ కాగితం రాసిన మనిషి మాటని ఆ రంగంలో మళ్ళీ ఎవరూ నమ్మరు. చూపించడానికి మిగిలింది ఒకే ఒక్క బుడ్డి. ఇంకోటి తెప్పించాలంటే ఆరు వారాలు.

శనివారం మధ్యాహ్నం పేచీ స్టోర్సుకి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. భోజనం డబ్బా తెచ్చుకుంది, మూత తీయలేదు. తుమ్ము కథ మొదలుపెట్టబోయి ఆ మొహం చూసి మింగేశాను.

"మామయ్యా, నేను మూడుసార్లు చూశాను," అంది. "గులాబీ రంగే వచ్చింది. చూశాను కదా?"

మిగతా చీమల సంగతి తనకి తెలీదన్న పిల్ల, తను చూసినది తను చూసిందో లేదో నన్నడుగుతోంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందే అని అడిగాను. కణాలు అవే, నీళ్ళు అవే, ట్యూబులు అవే, చేతులు అవే అంది. బుడ్డి కరిగించడం, బాగా పలచన చేసి చిన్న ట్యూబుల్లో పంచడం, ఒక రాత్రి ఫ్రీజరులో ఉంచడం, అన్నీ పాత పద్ధతేనట. బుడ్డీలొక్కటే కొత్తవి.

బుడ్డీలు తెప్పించింది నేను. తను వెళ్ళిపోయాక కుర్చీలో అలాగే ఉండిపోయాను. నాలుగు నెలల కిందటి టెలిఫోను మాట ఒకటి చెవిలో మళ్ళీ మోగింది.

ఆరోజు కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి, మీరడిగిన ప్రోటీను రెండు రకాలుగా వస్తుందండీ, ఒకటి క్యారియర్ ఉన్నది, ఇంతకుముందు మీకు పంపినదదే, ఒకటి లేనిది అంది. క్యారియర్ అంటే ఏమిటమ్మా అన్నాను. ఆల్బుమిన్ అని, ఆవు రక్తంలోంచి తీసే మామూలు ప్రోటీనండీ, దీంట్లో కలుపుతాం అంది. ఎంత కలుపుతారన్నాను. ఒక వంతు సరుక్కి యాభై వంతులు అంది.

నాకు తల తిరిగింది. నేను కల్తీతో యుద్ధం చేసిన వంశంలో పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో పాలవాడు ఎన్ని నీళ్ళు పోసేవాడంటే, ఒకరోజు మా తాత పాలగిన్నెలో చేపని పట్టాడు. జానెడు చేప. అంతటి పాలవాడు కూడా ఒక వంతు పాలకి యాభై వంతుల నీళ్ళు పోయడానికి ధైర్యం చెయ్యలేదు. నా మేనకోడలికి యాభై వంతుల కల్తీయా అనుకుని, ఏమీ కలపనిదే పంపమ్మా అన్నాను. ఆ రకానికి బుడ్డి మీద కంపెనీ నంబరు చివర రెండు అక్షరాలు ఎక్కువుంటాయి. దాని మీద నా స్టిక్కరు అంటించాను. పేచీకి చెప్పనేలేదు. పుణ్యం చాటున చేస్తే రెట్టింపని పెద్దలంటారు.

సొరుగు లాగి పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పరిచాను. వేలు పెట్టి వరసవరసా చదివాను. రెండో పేజీ కింద కొత్తదాంట్లో మూడు వరసలు ఎక్కువున్నాయి. డిక్షనరీ రెండుసార్లు తిరగేస్తే అర్థం తేలింది: ఈ రకాన్ని పలచన చేసి ఉంచేటప్పుడు మీరే ఆల్బుమిన్ కలుపుకోండి, లేకపోతే ప్రోటీను పాత్ర గోడలకి అంటుకుపోతుంది. ఆ మూడు వరసలు బుడ్డీలు వచ్చిన రోజునుంచీ నా సొరుగులోనే ఉన్నాయి.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. నున్నటి ప్లాస్టిక్ గోడకి అంటుకోవడానికి అదేమైనా బంకా? అంటుకుంటే మాత్రం ఎంత అంటుకుంటుంది? మర్నాడు ఆదివారం. వెనక గదికి కొత్తగా కట్టించిన అడ్డుగోడకి రంగు వెయ్యమని మా ఆవిడ నెల రోజులుగా పోరుతోంది. బ్రష్షు ముంచి ఒక మూల నుంచి వేసుకుంటూ వస్తున్నాను, వేసినచోట వేసినట్టే రంగు మాయమవుతోంది. డబ్బా సగమైంది, గోడ మాత్రం అలాగే వెలవెలబోతోంది.

మా ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ముందు సున్నం పట్టించారా?"

లేదన్నాను. మంచి రంగు తెచ్చాక మళ్ళీ సున్నమెందుకన్నాను.

"కొత్త గోడ దాహంతో ఉంటుంది. ముందు చవకది ఏదో ఒకటి తాగించి దాని కడుపు నింపాలి. అప్పుడు మంచి రంగు పైన నిలుస్తుంది. లేకపోతే డబ్బా డబ్బా అదే తాగేస్తుంది."

నేను బ్రష్షు పట్టుకుని నిలబడిపోయాను. రంగు మోచేతి దాకా కారింది. యాభై వంతుల ఆల్బుమిన్ కల్తీ కాదు, సున్నం. ట్యూబు గోడకి ముందు అది తాగిస్తారు, గోడ కడుపు నిండుతుంది, అసలు సరుకు నీళ్ళలో మిగులుతుంది. డబ్బానిండా రంగుంటే గోడ కొంత తాగినా తెలియదు. ఈగ కాలి దుమ్మంత సరుకుని పలచన చేసి బోలెడన్ని ట్యూబుల్లో పోస్తే, గోడలు తాగగా ఏం మిగులుతుంది? మా ఆవిడకి మొత్తం చెప్పాను, ఫోను దగ్గరనుంచి స్టిక్కరు దాకా. ఆవిడ నా చేతిలోని బ్రష్షు లాక్కుని డబ్బా మీద పెట్టింది. అది మంచి సూచన కాదు.

"రేపు పొద్దున్నే వెళ్ళి అందరి ముందూ చెప్పండి," అంది. "కథలా చెప్పకండి."

సోమవారం మీటింగులో అలాగే చెప్పాను. జీవితంలో ఒక విషయాన్ని ఉన్నది ఉన్నట్టు, ఇంత తక్కువ మాటల్లో చెప్పింది అదే మొదలు. చెప్పి రెండు కాగితాలూ పెద్దమేడం ముందు పెట్టాను. ఇంకా ఏదో వస్తుందని అందరూ ఎదురుచూస్తున్నారని నాకు మెల్లిగా అర్థమైంది.

"చేప ఏది, బాబాయ్?" అన్నాడు గళ్ళచొక్కా.

మా తాత చేప కథ ఆ భవనంలో విననివాళ్ళు లేరు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. చేప లేదు బాబూ, ఇంతే అన్నాను. నవ్వు ఇంకాస్త పెరిగింది. పెద్దమేడం నవ్వలేదు. ఆఖరి బుడ్డి తెప్పించి, గోటితో నా స్టిక్కరు మెల్లిగా లేపింది. కింద ఆ రెండు అక్షరాలూ ఉన్నాయి.

గళ్ళచొక్కా గొంతు మారింది. రకం మారిందన్నది నిజమే, ఒప్పుకుంటున్నానన్నాడు. గోడకి కొంత అంటుకుంటుందన్నదీ పుస్తకాల్లో ఉన్నదే. కానీ కొంత పోవడం వేరు, నిండు మోతాదుకి కూడా నీలమే మిగిలేంత పోవడం వేరు. అంత పోతుందని ఎవరు చూశారు? పైగా ఈ మాట చెబుతున్నది ఆ అమ్మాయి మామయ్య. పత్రికవాళ్ళకి ఇదే రాస్తే సాకంటారు.

అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది, కానీ తిట్టడానికి చోటు లేదు. అతను అడిగినదే శనివారం ఆ కాగితాలు చూస్తూ నేనూ అడిగాను.

పేచీ అంతసేపూ తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. నావైపు చూడలేదు. "స్టిక్కరు పీకి నంబరు చూసుకోవాల్సింది నేను," అంది. తరవాత తలెత్తి పెద్దమేడంతో, "ఆఖరి బుడ్డి మీరే కరిగించండి. నేను ముట్టుకోను. ఏ ట్యూబులో ఏముందో నాకు చెప్పకండి," అంది.

"చెప్పను," అంది పెద్దమేడం.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు. గాజు తలుపు బయట నిలబడి చూడనిచ్చారు నన్ను. పెద్దమేడం బుడ్డిని యంత్రంలో గిరగిరా తిప్పింది, మూతకి అంటిన పొడి ఉంటే అడుక్కి దిగాలని. కరిగించి రెండు భాగాలు చేసింది. ఒకటి వట్టి నీళ్ళతో పలచన చేసి, ఏమీ పూయని ట్యూబుల్లో పోసింది. రెండోది ఆల్బుమిన్ నీళ్ళతో పలచన చేసి, ముందే ఆల్బుమిన్ పట్టించిన ట్యూబుల్లో పోసింది. గళ్ళచొక్కా మూడోది కావాలని పట్టుబట్టాడు: ప్రోటీను లేకుండా వట్టి ఆల్బుమిన్. దానికే కణాలు బతికేస్తే మొత్తం లెక్క తప్పుతుందన్నాడు. అప్పుడే అతనంటే నాకు గౌరవం మొదలైంది. ట్యూబుల మీద పెద్దమేడం తనకే తెలిసిన గుర్తులు రాసి, వాటి అర్థం ఒక కాగితం మీద రాసి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఒక రాత్రి ఫ్రీజరు. మర్నాడు గళ్ళచొక్కాయే తన చేతుల్తో కణాల ప్లేటులో వాటిని చుక్కలు చుక్కలుగా వేశాడు. ఆ ప్లేటుకి తొంభై ఆరు గుంటలుంటాయి. ఒక్కో గుంటకి అతను ఊపిరి బిగబట్టడం బయటినుంచే కనిపించింది.

తరవాత మూడు రోజులు. పేచీ కిందికి రాలేదు. ఎదురుపడితే తలవంచుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో మా ఆవిడ గిన్నెలతోనే మాట్లాడింది. స్టోర్సుకి వచ్చినవాళ్ళకి సామాను ఇచ్చి ఊరుకుంటుంటే, ఒంట్లో బాలేదా అని నలుగురు అడిగారు. మెట్లకింద సింకు దగ్గర ఒక ప్లాస్టిక్ గ్లాసు కనిపిస్తే తీసి లోపలి గోడని వేలితో రుద్ది చూశాను. నున్నగా ఉంది. అక్కడేదైనా అంటుకుని ఉందో లేదో వేలికి తెలుస్తుందా? ఎన్ని గ్లాసులు కడిగి, ఖాళీ అనుకుని బోర్లించాను ఈ జన్మలో అనిపించింది.

శుక్రవారం పొద్దున నీలం రంగు పోశారు. నాలుగు గంటలు ఆగాలి. మధ్యాహ్నం రెండింటికి పెద్దమేడం కబురు పంపితే పైకెళ్ళాను. పేచీ కిటికీ దగ్గర, గళ్ళచొక్కా బల్ల దగ్గర ఉన్నారు. పెద్దమేడం ప్లేటు తెచ్చి తెల్లకాగితం మీద పెట్టింది.

పై మూడు వరసలు నీలం. కింది మూడు వరసలు నీలం. నడుమ రెండు వరసలు గులాబీ. మోతాదు తగ్గేకొద్దీ గులాబీ లేతబడుతూ, సగం మోతాదు గుంట దగ్గర కూడా ఇంకా గులాబీగానే ఉంది.

పెద్దమేడం చేతిసంచిలోంచి కాగితం తీసి గళ్ళచొక్కా చేతికిచ్చింది. అతను విప్పి చదివాడు. ఒకసారి ప్లేటు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. పైవి వట్టి నీళ్ళు కలిపినవి. కిందివి వట్టి ఆల్బుమిన్. నడుమవి రెండూ ఉన్నవి. పైవరసలో నిండు మోతాదు గుంటని పెద్దమేడం దీపం కిందకి జరిపి చూసింది. అందులో ఎక్కడో గులాబీ చాయ ఉన్నట్టు నాకనిపించింది, కానీ నా మాట లెక్కలోకి రాదు కనక ఊరుకున్నాను.

"మొత్తం పోయింది," అన్నాడు గళ్ళచొక్కా. నమ్మలేనట్టు కాదు, ఆశ్చర్యంగా అన్నాడు. తరవాత పేచీ దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ అడిగాను కాబట్టి అందరి ముందూ చెబుతున్నానని, మీటింగులో తను అన్న మాట వెనక్కి తీసుకున్నాడు.

వ్యాసం వెనక్కి తీసుకోవడం లేదని పెద్దమేడం చెప్పింది. ఈ గోడల సంగతి కూడా అందులో ఒక పేరాగా చేర్చాలని, ఇంకెవరి కణాలూ ఇలా చావకూడదని అంది. నావైపు తిరిగి, ఇకముందు స్టిక్కరు బుడ్డి మీద కాదు, అది వచ్చిన ప్లాస్టిక్ సంచీ మీద అంటించమంది. వివరాల కాగితాలు సొరుగులోంచి ఈ సాయంత్రానికి పైకి రావాలంది. తలూపాను.

వాళ్ళిద్దరూ వెళ్ళాక నేనూ పేచీ మిగిలాం. క్షమించమని అడగాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియక తలుపు దాకా వెళ్ళి ఆగాను.

"మామయ్యా, నాకింకా కోపంగానే ఉంది," అంది పేచీ.

ఉండాలి మరి అన్నాను.

ఆ మాట వింటూనే తను బల్ల మీద ఉన్న ఖాళీ ట్యూబుల స్టాండు లాక్కుంది. వట్టి నీళ్ళు కలిపిన ట్యూబులవి, మంగళవారం ఖాళీ అయినవి. ఒకటి తీసి కిటికీ వెలుతురుకి పెట్టి తిప్పితిప్పి చూసింది.

"పోయిందంటున్నారు కానీ, ఎక్కడికి పోతుంది? ఇదిగో, ఈ గోడ మీదే ఉంది కదా. అంటుకుపోయిన కబురు కబురేనా? కణాల్ని నేరుగా ఈ ఖాళీ ట్యూబులో పోస్తే, గోడ మీంచి చదువుకుని బతుకుతాయా?"

చచ్చినా బతుకుతాయని చెప్పబోయాను. అలవాటు కొద్దీ నోరు తెరిచాను కూడా.

"నాకు తెలీదే," అన్నాను.

"నాకూ తెలీదు," అని లేచి, కణాల సీసా బయటికి తీసింది. చేతులు కడుక్కుని రమ్మంది నన్ను. కడుక్కుని, తొడుగులు వేసుకుని వచ్చాను. తను ఒక్కో ట్యూబు మూత తీసి నా చేతికిచ్చింది, పోశాక మళ్ళీ అడిగి తీసుకుంది. ఏ మూత ఏ ట్యూబుదో కలిసిపోకూడదని రెండుసార్లు హెచ్చరించింది. సోమవారం దాకా ఆగాలట.